మంగమ్మ క్వారీలో వీడియో కాల్

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. సగంలో నవ్వితే ఊరుకునేది లేదు. చీకటి పడ్డాక మంగమ్మ క్వారీ దగ్గర మాచవరం నుంచి గురజాల దాకా ఏ మొనగాడూ బండి హారన్ కొట్టడు. కొడితే ఆవిడ పలుకుతుందని భయం. కాదనేవాడెవడైనా ఉంటే ఈ రాత్రికే ఒంటరిగా పోయి, ఆ గుట్ట మీద నిలబడి ఒక్క తుమ్ము తుమ్మి రమ్మనండి. అప్పుడు మాట్లాడుకుందాం.

అది నాపరాళ్ల క్వారీ. మూతపడి చానా ఏళ్లయింది. నడిచే రోజుల్లో మంగమ్మ అక్కడ ఎర్రజెండా పట్టుకుని నిలబడేది. రాతిలో మందు కూరి పేల్చేముందు గొర్రెల కాపర్లనీ, దారిన పోయేవాళ్లనీ తరిమెయ్యడం ఆవిడ పని. "పో… పో… దూరం పో…" అని గొంతెత్తిందంటే కృష్ణ అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్లు కూడా మూటలు సర్దుకునేవాళ్లు. అంత గొంతు.

ఒకనాడు అందరినీ తరిమింది. తను మాత్రం బయటికి రాలేదు.

తర్వాత గోతిలో నీళ్లు నిండాయి. గట్ల మీద కంప పెరిగింది. గొంతు మాత్రం ఇంకా అక్కడే ఉందంటారు…

ఇందులో ఒక తిరకాసుంది. ఊరు మొత్తానికి ఫోన్ సిగ్నల్ దొరికేది ఆ క్వారీ పక్కన, పనికిరాని రాళ్లు పోసిన గుట్ట మీదే. ఇంకెక్కడా లేదు. చింతచెట్టెక్కినా లేదు, వాటర్ ట్యాంకెక్కినా లేదు. అందుకని పగలు ఆ గుట్ట తిరనాళ్లే. ఓటీపీ కోసం ఎక్కేవాళ్లు, మిర్చి రేటు కనుక్కునేవాళ్లు, హైదరాబాదులో ఉన్న అల్లుడితో పోట్లాడేవాళ్లు. రేషన్ డీలరు వేలిముద్రల మిషన్ నెత్తిన పెట్టుకుని ముందు నడిస్తే, సంచులు పట్టుకుని ఊరంతా వెనక నడిచేది. ఒక ముసలామె, మనవరాలికి గోంగూర పచ్చడి నూరడం వీడియోలో చూపించాలని రోలుతో సహా ఎక్కింది. రోలు మోసినవాళ్లు ఇప్పటికీ నడుము పట్టుకునే తిరుగుతున్నారు.

పొద్దు గూకిందా… ఇక పిట్ట ఉండదు. వాడుకునే దిక్కులేక నిండు సిగ్నల్ ఒక్కతే ఆ రాళ్ల మీద తిరుగుతుండేది.

అలాంటి గుట్ట మీదికి ఒక అమావాస్య రాత్రి మోహన్ ఎక్కాడు.

మోహన్ అంటే అల్లాటప్పా మనిషి కాదు, పొక్లెయిన్ ఆపరేటరు. పొక్లెయిన్ బకెట్‌తో కోడిగుడ్డు ఎత్తి, పెంకు చిట్లకుండా పళ్లెంలో పెట్టినవాడు. వాడు తుమ్మితే పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ పక్కకి తిరిగేది. అంతటి వాడికీ ఒక్కటే లోటు. దెయ్యం పేరు వింటే పొక్లెయిన్ కింద దూరతాడు. ముప్పై దాటాయి, పెళ్లి కాలేదు. ఈ కాలంలో పల్లెటూళ్లో ఉండేవాడికి పిల్లనిచ్చేదెవరు?

ఎట్టకేలకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు అనూష. మాచవరం అవతల పల్లె వాళ్లది. నరసరావుపేటలో బట్టల షాపులో బిల్లింగు చేస్తుంది. ఫోటో వచ్చిన రోజు నుంచి మోహన్ దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసుకుని, చూసుకుని, ఫోను గాజు మీద గుంట పడింది.

కానీ ఆ పిల్ల తెగేసి చెప్పింది. "ఫోటో చూసి తలూపేది లేదు. ముందు మొహం చూస్తా మాట్లాడాల. నచ్చితేనే పెళ్లిచూపులు."

షాపు కట్టేసి, హాస్టలుకొచ్చి, అన్నం తిన్నాకనే ఆమెకి ఫోన్ చేసే తీరిక. చేసింది. 'మీరు కాల్ చేస్తున్న వ్యక్తి అందుబాటులో లేరు' అంది ఫోను. మర్నాడు మళ్లీ చేసింది. మళ్లీ అదే పాట. పిల్లోడు తప్పించుకు తిరుగుతున్నాడని ఆమె అనుకుంది. అనుకోదా మరి? ఆమె నాన్న యల్లమంద కబురు పంపాడు. 'ఈ రాత్రికి కూడా అబ్బాయి దొరక్కపోతే రేపు వినుకొండ వాళ్లతో తాంబూలాలు పుచ్చుకుంటాం.'

మోహన్ కంచం ముందు నుంచి లేచాడు. గోడకున్న పొక్లెయిన్ పిన్ను తీసి భుజాన వేసుకున్నాడు. ఇనుముంటే దెయ్యం దగ్గరికి రాదంటారు కదా. చిన్న మేకైనా చాలు. వీడి భయానికి మాత్రం మూరెడు పిన్ను కావాల్సి వచ్చింది.

"యాడికిరా?" అంది తల్లి అంజమ్మ.

"గుట్టకి."

"ఈ యాళప్పుడా? మంగమ్మ పట్టుకుంటేనో?"

"పట్టుకుంటే పట్టుకున్నది. నీకు కోడలు కావాలా వద్దా?"

అంజమ్మ కాసేపు ఆలోచించింది. కొడుకు మొహం చూసింది. ఖాళీ గది వైపు చూసింది.

"టార్చి తీసుకపో" అంది.

* * *

గుట్ట కింద బండి ఆపాడు. ఇంజన్ ఆగగానే… చెవులు గుయ్‌మన్నాయి. గాలి లేదు. కీచురాయి కూడా లేదు. కింద గోతిలో నీళ్లు, నల్లగా, కదలకుండా.

ఎక్కుతున్నాడు. కాలి కింద నాపరాయి ముక్క జారింది. అది దొర్లుకుంటూ, దొర్లుకుంటూ పోయి… నీళ్లలో పడిన చప్పుడు మాత్రం రాలేదు.

ఎవరో పట్టుకున్నట్టు.

మోహన్ వెనక్కి చూడలేదు. మీదికెక్కి, సిగ్నల్ బాగా అందే చదును రాయి మీద నిలబడ్డాడు. ఫోను మోగింది. కంగారులో ముందు తన చెవినీ, తర్వాత బొత్తాన్నీ నొక్కాడు.

"హలో…" అంది సన్నగా ఒక గొంతు. గిన్నెలో పాలు పోసినట్టుంది.

"హలో అండీ. నేనే… మోహన్ని."

"మీ మొహం కనపడట్లేదు. అంతా చీకటిగా ఉంది."

టార్చి వెలిగించి గడ్డం కింద పెట్టుకున్నాడు.

"అమ్మో, తియ్యండి తియ్యండి. కిందనుంచి పెడితే మీరే దెయ్యంలా ఉన్నారు."

పక్కనుంచి పెట్టాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి మోహన్‌లో ఒక్క క్షణం ధైర్యం పొంగింది. ఆ క్షణంలో పులిని చూపించినా చెవి పట్టుకుని ఇంటికి తోలుకొచ్చేవాడు.

"రెండు రాత్రులు చేశానండీ. ఎందుకెత్తలేదు?"

"ఎత్తలేదని కాదండీ. మా ఊళ్లో సిగ్నల్…"

అప్పుడు—

"ఓయ్…"

వెనక నుంచి. గోతి అవతలి నుంచి. ఆడగొంతు.

మోహన్ మాట ఆగిపోయింది. పిన్ను భుజం మీద నుంచి జారి రాళ్ల మీద ఖంగుమంది.

"ఏందండీ, ఆగిపోయారు?"

"ఏం… ఏం లేదు. గాలి."

"పో…"

గాలి అట్లా అనదు.

"పో… పో… దూరం పో… వచ్చానంటే నడుములిరుగుతయ్…"

గోతి నాలుగు గోడలకీ తగిలి, ఆ మాట నాలుగు మంగమ్మలై తిరిగొచ్చింది. మోహన్ తల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎంతలా అంటే, తలకు చుట్టుకున్న తువ్వాలు జానెడు ఎత్తు లేచింది.

కాళ్లు పరిగెత్తమంటున్నాయి. ఒక్క అంగ వేశాడు. స్క్రీను మీద ఆమె బొమ్మ గళ్లు గళ్లుగా విరిగింది. "హ… లో… వి… నప…" అంది ఫోను.

వేసిన అంగ వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ రాయి మీదికొచ్చాడు. బొమ్మ అతుక్కుంది.

మోహన్‌కి అప్పుడొచ్చింది అసలు భయం. కరెంటు తీగల్లోంచి పోతుంది, మాట గాల్లోంచి పోతుంది. దెయ్యం పోలేదా? ఈ గుట్ట మీద నుంచి, ఈ అద్దంలోంచి దూరి, నరసరావుపేట హాస్టల్లో ఆ పిల్ల మంచం మీద దిగితే?

గబుక్కున ఫోన్ని చొక్కాలో దోపి రొమ్ముకి అదుముకున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు గుసగుసగా, చొక్కాలోకి తలొంచి. "నువ్వు ఇటు చూడమాక. కళ్లు మూసుకో."

"ఏమైంది? అంతా నల్లగా ఉంది. దడదడమని ఏందో మోగతంది."

"అది నా గుండె. దాన్ని పట్టించుకోమాక. ఇక్కడొకామె ఉంది. నేను చూసుకుంటా. నువ్వు మాత్రం కట్ చెయ్యమాక."

"భయంగా ఉంటే పరిగెత్తండి మరి."

"పరిగెత్తితే సిగ్నల్ పోతది. మళ్లీ నేను అందుబాటులో లేనని చెప్తది. రేపు వినుకొండోళ్లు వస్తారు." రాయి మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాడు. "ఏదైనా కానీ… నేను ఈ రాయి దిగను."

గోతి అవతల మళ్లీ లేచింది. ఈసారి ఇంకా దగ్గరగా.

"ఓయ్… పో… పో… వచ్చానంటే…"

మోహన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అంతే…

చొక్కాలోంచి నవ్వు వచ్చింది.

అదే గొంతు. గోతిలో అరుస్తున్న గొంతే, ఇప్పుడు వాడి రొమ్ము మీద, బొత్తాల వెనక, కిలకిలా నవ్వుతోంది.

"వచ్చేసిందే" అన్నాడు మోహన్ ఏడుపు గొంతుతో. "లోపలికొచ్చేసింది. అనూషా… అనూషా, ఉన్నావా?"

"ఉన్నా. నేనే నవ్వింది."

"మరి అక్కడ అరిచేది?"

"అదీ నేనే."

"రెండు చోట్ల ఎట్లా ఉన్నావమ్మా తల్లీ…"

"ముందు చొక్కాలోంచి తియ్యండి, చెప్తా." ఆమెకి నవ్వుతో ఊపిరాడటం లేదు. "క్వారీ అవతల మా నాన్న ఈ ఏడు మొక్కజొన్న కౌలుకి ఏశాడు. అడవిపందులు పడుతున్నయ్యని మైకు పెట్టాడు. అందులో మెమరీ కార్డు. మొదట్లో తన గొంతే ఎక్కించాడంట. పందులు దానికి అలవాటు పడి, మైకు కిందే ఈనుతున్నయ్. ఇట్లా కాదని మొన్న ఆదివారం నాతో అరిపించాడు."

మోహన్ ఫోను బయటికి తీశాడు. ఆమె కళ్లల్లో నీళ్లు, నవ్వి నవ్వి. వాడి కళ్లల్లోనూ నీళ్లు, అవి వేరే.

"అది నేను కాక నిజం దెయ్యమే అయితే ఏం చేసేవాళ్లు?"

"అట్లాగే నిలబడేవాణ్ణి. ఇంకేం చేస్తా."

ఆమె నవ్వు ఆగింది. సిగ్నల్ మాత్రం నిండుగా, కదలకుండా ఉంది.

"రేపు వినుకొండోళ్లు రారులే" అంది అనూష మెల్లగా.

మోహన్ గుట్ట దిగలేదు, ఎగిరాడు. బండి స్టార్ట్ చేశాడో లేదో వాడికే గుర్తులేదు. ఇంటి ముందు ఆగేసరికి తాళంచెవి జేబులోనే ఉంది. ఇది అబద్ధమైతే అంజమ్మనడగండి.

* * *

తాంబూలాలయ్యాయి. మర్నాడు మోహన్ కాబోయే మామని బండి మీద ఎక్కించుకుని ఆ చేను చూడ్డానికి పోయాడు. ఆ మైకుకి ఒక దండం పెట్టుకోవాలని వాడి కోరిక. తనకి పెళ్లి చేసిన మైకాయె.

చేనంతా పందులు తొక్కేసి ఉంది. మధ్యలో గుంజ, దాని మీద మైకు, కింద రేకు డబ్బా. మోహన్ రేకు ఎత్తాడు. రెండు వైర్లు ఊరికే వేలాడుతున్నాయి.

"మామా… బ్యాటరీ ఏదీ?"

"యాడుంది?" అన్నాడు యల్లమంద విసుగ్గా. "మాచవరంలో చార్జింగుకిచ్చా. ఆదివారం పిల్ల అరుపు ఎక్కించిన సాయంత్రమే దిగిపోయింది. వారం నుంచి తెచ్చుకోవడం కుదరక, ఇదిగో, సగం చేను పోయె."

మోహన్ రేకు మెల్లగా మూశాడు. గుట్ట ఎక్కి అనూషకి ఫోన్ చేశాడు.

"ఆ రాత్రి మైకు మోగలేదంట. బ్యాటరీ లేదు."

అవతల బిల్లింగు మిషన్ టకటక ఆగింది.

"నా గొంతు నేను పోల్చుకోలేనా?" అంది చివరికి. ఆ మాట అన్నాక ఇంకా మెల్లగా, "అచ్చం నాదే…" అంది.

పట్టపగలు, ఎండ దంచుతోంది. మోహన్ ముంజేతుల మీద మాత్రం వెంట్రుకలు నిక్కపొడుచుకునే ఉన్నాయి. ఉన్నట్టుండి అనూషకి మళ్లీ నవ్వొచ్చింది. ఎక్కడా ఆగని నవ్వు. వాడికీ వచ్చింది. ఆ గుట్ట మీద ఓటీపీ కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు, పెళ్లి కుదిరితే ఇట్లా అవుతుందా అని.

"మంగమ్మకి శుభలేఖ ఇవ్వాల్సిందే" అంది అనూష.

పెళ్లికి పల్నాడంతా వచ్చింది. అందరికీ పిలుపు వాట్సాప్‌లోనే, పూల బొమ్మల వీడియోలో. అచ్చు వేయించిన శుభలేఖ ఒక్కటంటే ఒక్కటి. నాలుగు మూలలా పసుపు రాసి, మోహనూ అనూషా ఇద్దరూ కలిసి ఎక్కి, ఆ చదును రాయి మీద పెట్టి, గాలికి పోకుండా ఒక్కరు మోయలేనంత నాపరాయి దాని మీదికెత్తి వచ్చారు. తెల్లారేసరికి రాయి ఉన్నచోటే ఉంది. కింద శుభలేఖ లేదు.

ఇంకా నవ్వుతున్నారా. సరే. మాచవరం బస్టాండు పక్కన బ్యాటరీల కొట్టు ఉంది. అప్పుడు వారమంతా యల్లమంద బ్యాటరీ మీద కాలు పెట్టుకుని కూర్చున్న మనిషి ఇప్పటికీ అక్కడే ఉంది. పోయి అడగండి, పేరు జైనాబ్ బీ.