పచ్చగుండే కరువు

మా గుండ్లకొండ కానుగచెట్ల ముందర ఎండే ఓడిపోయిందప్పా. బండమీద గుడ్డు పెడితే ఉడికిపోయే ఎండ. బోర్లన్నీ దుమ్ము కక్కుతాండాయి. చెట్లు మాత్రం పెండ్లికి పోయేటట్టు పచ్చగా నిలబడుండాయి. నాటింది నేను కదా, నా పొగరే వాటికీ వచ్చింది.

లోపల జీన్ పెట్టింది మాత్రం మొక్కల సైంటిస్టు డాక్టర్ వకుళ మేడం.

"ఆకులో కంటికి కనపడని రంధ్రాలుంటాయి నారెప్పా. నీళ్లు ఆవిరైపోయేది అక్కడినుంచే. ఎండ ముదిరితే ఆ తలుపులు మూసే జీన్ ఒక ఎడారి మొక్కలో దొరికింది. దాన్ని కానుగలో పెట్టాను," అనింది.

"అట్లాంటి తలుపు మా ఇంటిదాని నోటికి గూడా పెట్టు మేడం," అన్నా.

లింగమ్మ ఇననే ఇనింది. ఆపొద్దు నాకు సంగటి పడలా.

కాయలు ఇరగకాసె. ఆ నూనెతోనే మా ఊరి బస్సు తిరుగుతాది. ఆ బస్సులోనే పక్కూరినుంచి బిందెలతో నీళ్లు తెచ్చుకుంటాండాం. ఎందుకంటే సర్కారోళ్లు పంపే కరువు నీళ్ల ట్యాంకర్ ఆపేసినారు.

పోయి ఆఫీసర్ని అడిగితే స్క్రీను చూపిచ్చినాడు.

"శాటిలైట్‌లో మీ ఊరు పచ్చగా ఉంది. పచ్చటి ఊరికి ట్యాంకర్ ఇవ్వలేం. చెట్లు కొట్టేయండి, నేల ఎర్రగా కనపడితే వెంటనే పంపిస్తాం."

"చెట్టు నరకను సార్. నీళ్లూ ఇడిసిపెట్టను," అన్నా.

పైనుంచి పచ్చ కనపడకూడదని ఊరంతా చేరి ఆకు దూసేస్తిమి. వారం తిరక్కుండా మళ్లా చిగుర్లేసె.

"ఎండినట్టు నటించే జీన్ ల్యాదా మేడం?"

"చెట్టుకు అబద్ధం నేర్పలేను నారెప్పా," అని తల వంచుకునింది.

సరే, ఆఫీసర్నే భోజనానికి పిలిస్తిమి. మా ఊర్లో ఎవరొచ్చినా ముందు చేతికి నీళ్లచెంబిస్తాం. ఆయప్పకూ ఇస్తిమి, మూతపెట్టి. మర్యాద చేసినామని మురిసి, పక్కన పెట్టుకున్యాడు. లింగమ్మ సంగటిలోకి గొడ్డుకారం దండిగా ఏసింది.

రెండో ముద్దకే కండ్లెర్రబడె. చెంబు మూత తీస్తే లోపల కానుగాకులు.

"నీళ్లు... నీళ్లమ్మా."

"ఊరు పచ్చగుండాదంటివి కద సార్. నమిలి చూడు," అనింది లింగమ్మ.

సాయంత్రానికి ట్యాంకర్ వచ్చె. కరువని మాత్రం ఒప్పుకోలా. ఆఫీసరు ఊరికొచ్చినందుకు పంపినామన్యారు.

అట్లనా? అయితే ఇప్పుడు వారం వారం ఒక ఆఫీసర్ని భోజనానికి పిలుస్తాండాం. లింగమ్మ రోట్లో కారం దంచుతానే ఉండాది.