కాగితం మీది భార్య

"అమ్మా, నువ్వు ఈయనకు పెండ్లానివి కావు! తమ్ముని పెండ్లానివి. కాగితాలు అట్లనే చెప్తున్నయి. అందుకే వీసా వాపస్ వచ్చింది."

కరీంనగర్ బస్టాండు వెనుక సందులోని వీసా ఆఫీసులో, అద్దం అవతలి నుంచి గుమాస్తా భానుప్రసాద్ ఆ మాట అనేసరికి జమున బల్ల అంచు పట్టుకుంది. కన్నీళ్లకు తడిసిన మాస్కు ముక్కుకు అంటుకుపోయి ఊపిరాడటం లేదు. ఇరవై రెండేళ్ల కాపురం! మెడలో పుస్తె ఉంది... కాళ్లకు మట్టెలున్నాయి... ఆయన పోలికే పుణికిపుచ్చుకున్న బిడ్డ కావ్య పక్కనే నిలబడి ఉంది... అయినా ఆమె తన మొగుడికి భార్య కాదట! చెప్పేవాడు ఒక కాగితం చూసి చెబుతున్నాడు. కాగితం ముందు ఏ ఆడదాని మాట చెల్లింది గనుక, జమున మాట చెల్లడానికి?

మస్కట్‌లో ఆమె భర్త వెంకటికి పక్షవాతం వచ్చి ఇరవై రోజులైంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వస్తోందని అతని గదిలోనే ఉండే హుజూరాబాద్ ఫజలుద్దీన్ ఫోనులో చెప్పాడు. మంచం పట్టిన మనిషిని తోడు లేకుండా విమానం ఎక్కించుకోరు. కరోనా వచ్చి రాకపోకలన్నీ బందైన రోజులాయె! కట్టుకున్న భార్యకైతే తమ పూచీ మీద వీసా తెప్పిస్తామని, ఇంకెవరికీ తమ వల్ల కాదని కంపెనీవాళ్లు తేల్చేశారు. జమున దగ్గర పాస్‌పోర్టు కూడా ఉంది. "ఒక్కసారొచ్చి సముద్రం చూసి పో" అని నాలుగేళ్ల కింద ఆయనే తీయించాడు. ఆ ఆశతోనే కాగితాలు పంపింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు!

"అవ్వా, బాపు పాస్‌పోర్టుల అంతయ్య అని ఎందుకున్నది? అది పెద్దబాపు పేరు గదా! భార్య పేరు గూడ శంకరవ్వ అని పెద్దవ్వ పేరే ఉన్నది! ఎవలు చేసిండ్రు గీ పని?" చొప్పదండి పోయే బస్సులో కావ్య నిలదీసింది. జమున కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. ఏమని చెబుతుంది తల్లి? చేసింది తానే అని కడుపున పుట్టిన బిడ్డకు ఎట్లా చెబుతుంది?

పదిహేనేళ్ల కింద ఆ వీసా వచ్చింది వెంకటికి కాదు, అతని అన్న అంతయ్యకు. తీరా పోయే రోజులు దగ్గర పడేసరికి అంతయ్యకు భయం పట్టుకుంది. విమానం పేరెత్తితే చాలు, అన్నం మెతుకు గొంతు దిగేది కాదు. మగ్గం గుంజ పట్టుకుని కూర్చుని "నేను పోను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు వీసా తెచ్చిన ఏజెంటు ఏమన్నాడో తెలుసా? "పేరు మారిస్తె వీసా పోతది. మనిషిని మార్సుకోన్రి!" అన్నాడు. కాగితాలన్నీ అన్నవి, ఫొటో మాత్రం తమ్ముడిది... అట్లా తయారైంది ఆ పాస్‌పోర్టు. వెంకటి వెనకాముందాడాడు. "అన్నదమ్ములే గద! ఎవల పేరైతేంది? వచ్చిన వీసా ఎవలన్న కాలదన్నుకుంటరా?" అని అతన్ని ఒప్పించింది జమునే! అప్పుడది ఆమెకు తెలివిగా తోచింది. పైగా పాస్‌పోర్టులో భార్య పేరు చూసి పకపకా నవ్వింది కూడా.

ఆ నవ్వు ఎన్నాళ్లు ఉంది? వెంకటి సంపాదనతో రెండు గదులు పైకి లేచేసరికి తోడికోడళ్ల మధ్య మాట మాట పెరిగింది. "మా ఆయన పేరు మీద బతుకుతున్రు" అంది శంకరవ్వ. "పేరొక్కటే ఉన్నది, ధైర్యమేది?" అని దెప్పింది జమున. ఉమ్మడి వాకిట్లో గోడ లేచింది. ఆరేళ్లుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఒకే చూరు కింద ఇద్దరు ఆడవాళ్లు ఎదురుపడితే ముఖాలు తిప్పుకునేవారు.

ఆ సాయంత్రం జమున ఆ గోడ దాటి వెళ్లింది. శంకరవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. అంతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జమున ఏడుస్తూ సంగతంతా చెప్పి, "అక్కా... కాగితాల్ల నువ్వే పెండ్లానివి. నువ్వు పోతెనే ఆయన ఇల్లు జేరుతడు" అంటూ కాళ్ల మీద పడబోయింది.

శంకరవ్వ కాళ్లు వెనక్కి లాక్కుంది. ఆమె కళ్లు నిప్పులయ్యాయి!

"మొగని పేరిచ్చినం... ఇగ పెండ్లాన్ని గూడ ఇయ్యాల్నా? నా పెనిమిటి కండ్ల ముందట కూసున్నడే! నేను పోయి ఇంకో మంచం పక్కన ఇల్లాలినని నిలవడాల్నా? వదినె అంటె తల్లి లెక్క. మరిదికి పెండ్లాన్నని ఏ నోటితోని చెప్పుదు?"

"బావా, నువ్వన్న చెప్పు! ఆయన మీ తోడబుట్టినోడు గాదా?" జమున అంతయ్య వైపు తిరిగింది. "నిజం చెప్పుదామన్నా నువ్వే సంతకం పెట్టాలె గదా... ఆయన నా తమ్ముడే అని, పేరు నాదే అని..."

"నిజం చెప్తె వాన్ని ఆ మంచం మీది నుంచే జైలుకు తీస్కపోతరు బిడ్డా... ఇక్కడ నన్ను పట్టుకపోతరు... నాకు భయమైతది..." అని అంతయ్య కండువాలో ముఖం దాచుకున్నాడు. ఆ మనిషిని చూస్తే జమునకు కోపం రాలేదు, అసహ్యం వేసింది. ఏనాడో ఒక్కరోజు ఈయన భయపడకపోతే... కాదు కాదు, ఆ ఒక్కరోజు తాను ఆశపడకపోతే...!

జమున గోడ దాటి ఇంటికి వచ్చేసింది. తెల్లవారి వాకిలి ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి శంకరవ్వ గొంతు వినిపించింది. ముఖం చూపించకుండానే అడిగింది. "ఫొటో యాడ దిగాల్నే?"

అర్జంటు పాస్‌పోర్టుకు, పోలీసు విచారణకు, వీసాకు ఇంకా ముప్పై అయిదు రోజులు పట్టింది. అక్కడ ఏమైనా అడిగితే తడబడకుండా ఉండాలని జమునే తోడికోడలిని కూర్చోబెట్టి నేర్పింది. పరీక్షకు పోయే పిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆయనకు చారులో వెల్లుల్లి ఎక్కువ కావాలి... పడుకునేటప్పుడు కుడివైపుకే తిరుగుతాడు... ఎడమ భుజం కింద కాలిన మచ్చ ఉంటుంది... ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. శంకరవ్వ తల పక్కకు తిప్పుకుని, "సాలు జమునా... గంత దూరం వద్దు" అంది. తన కాపురాన్ని తన నోటితోనే ఇంకో ఆడదానికి అప్పజెప్పాల్సి రావడం పగవాళ్లకు కూడా వద్దు తల్లీ! ఏ సవతి పోరులోనూ ఇంత చేదు ఉండదు.

వేములవాడ దాటి ఎరుగని శంకరవ్వ విమానం ఎక్కింది. దిగగానే ఏడు రోజులు ఒక గదిలో పెట్టారు. ఎనిమిదో నాడు ఆస్పత్రికి పోనిచ్చారు. "రేపో ఎల్లుండో టికెట్ అయితది చెల్లె, ఫికర్ జెయ్యకు" అని ఫజలుద్దీన్ ఫోను చేస్తే, జమున ఆయన పడుకునే మంచానికి కొత్త నవారు అల్లించింది. స్నానానికి పీట కొనిపించింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఫోను మోగింది. ఈసారి ఫజలుద్దీన్ మాట్లాడలేకపోయాడు. వెక్కిళ్ల మధ్య "భాయ్... భాయ్..." అనడమే వినిపించింది. గుండె ఆగిందట. ఆ కాలంలో శవాన్ని పంపే దారి లేదట. అక్కడే దహనం చేయాలట. భార్య సంతకం కావాలంటే శంకరవ్వ పెట్టిందట!

ఆయన పోయిన పన్నెండో రోజున శంకరవ్వ తిరిగి వచ్చింది. చేతిలో అస్థికల చిన్న డబ్బా, ఒక కాగితం. ఆ కాగితం ప్రకారం చనిపోయింది అంతయ్య! ముండమోసింది శంకరవ్వ! అరుగు మీద కూర్చున్న అంతయ్య తన చావును తానే చదువుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎక్కడ దాచాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. జమున మొగుడు మాత్రం లోకం లెక్కలో నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఆమె విధవ అయిందని చెప్పే చీటీ ముక్క ఈ భూమి మీద ఎక్కడా లేదు.

శంకరవ్వ జమున ఇంట్లోకి రాలేదు. గడప బయటే కూలబడింది.

"జమునా... నన్ను కొట్టు. చెప్పు తీస్కొని కొట్టు..."

"నువ్వేం జేసినవక్కా? నా కోసం గంత దూరం పోయినవ్..."

"ఇను. అంతా ఇను! నన్ను చూడంగనే వానికి పానం లేచొచ్చింది. కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, 'వదినె... వదినె... జమున ఏది' అన్నడు. గా పక్కనే నర్సు ఉన్నది. ఆ పిల్లది మన ఆదిలాబాద్ దిక్కే... తెలుగు పిల్లనే! వదినె అన్నది ఇంటె అంతా బయట పడ్తదని నాకు పానం పోయింది. వాని చెవుల 'అట్ల పిలువకు! నేను నీ పెండ్లాన్ననే చెప్పిన, నోరు మూసుకో' అన్న... జమునా, వాడు నా దిక్కు ఒక్కసారి చూసిండు. మళ్ల నోరు తెరువలే! రెండు దినాలు... మంచినీళ్లు కావాల్నన్నా సైగనే చేసిండు గని మాట్లాడలే! వచ్చే ఆ రెండు మాటలు గూడ నేనే ఆపిన..."

జమున గడప లోపల కూర్చుని మెడలోని పుస్తెను గుప్పిట్లో పట్టుకుంది.

"వాడు పోయినంక ఆ పిల్ల నన్ను కావలిచ్చుకొని ఏడ్చింది. ఫజలుద్దీన్ భార్య రషీదా ఫోన్ల ఓదార్చింది. కంపెనీ సారు వచ్చి చేతులు జోడించిండు. నీకు రావాల్సిన ఓదార్పంతా నేను తీసుకొనొచ్చిన జమునా! అది నాది గాదు. నేను దొంగను..." శంకరవ్వ నేలకేసి తల కొట్టుకుంది.

జమున గబుక్కున లేచి ఆమె తల పట్టుకుంది. తిట్టాలని గొంతు దాకా వచ్చింది. ఆయన ఆఖరి మాటను మింగేసింది ఈ మనిషే! కానీ ఆ నోరు మూయించింది ఈమె ఒక్కతేనా? పదిహేనేళ్ల కిందే తాను మూయించలేదూ? పరాయి దేశంలో ఆయన్ను ఎవరైనా అన్న పేరుతో పిలిస్తే పలకమని పంపింది ఎవరు?

"అక్కా... ఒక్కటి చెప్పు. పోయేటప్పుడన్న ఆయన్ను ఆయన పేరుతోని పిలిచినవా?"

శంకరవ్వ తల అడ్డంగా ఊపింది. "పిలువలే... చితి కాడ గూడ అంతయ్య అనే చదివిండ్రు. నేను ఊకున్న."

గాజులు తీయడానికి వచ్చిన, భర్తలు పోయిన ముసలమ్మలు గుమ్మం దగ్గర గుమిగూడారు. పొద్దుపోతోందని వాళ్లలో పెద్దామె కమలవ్వ తొందర పెడుతోంది. జమున ఎవరినీ చూడలేదు. ఆ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద అంటించిన చీటీలో బావ పేరుంది. గోటితో ఆ చీటీని అంచు నుంచి గీకింది. అది రాలేదు. కట్టుకున్నవాడి పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు పలకరు. ఇరవై రెండేళ్లుగా కావ్య బాపు అనే తప్ప జమున ఏనాడూ మరోలా అనలేదు. ఆయుష్షు కోసం దాచిన పేరు... ఇంక ఎవరి ఆయుష్షు కోసం?

"వెంకటీ..." అంది మెల్లగా. "ఓ వెంకటీ... ఇంటికొచ్చినవ్. నేను... జమునను..."

"అయ్యో! మొగని పేరు పిలుస్తున్నది! ఎవలన్న ఆపున్రే!" కమలవ్వ నోరు నొక్కుకుంటూ ముందుకు రాబోయింది.

గడప బయట కూలబడిన శంకరవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలువనియ్యున్రి... పదిహేనేండ్ల నుంచి వాన్ని ఎవ్వలు పిలువలే."