మాపటి గోళీలు

తెల్లవారి దశరథం మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడంటే ఆ చప్పుడుకే కొత్తకోటలోని వాళ్ల వాడంతా లేచేది. ఆ రోజు మగ్గం కదల్లేదు. దశరథం అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు. లోపల చిలపలుగా కట్టిన నూలు సర్దుతున్న తల్లి సుభద్రమ్మకు, కొడుకు దగ్గినప్పుడల్లా చేతులు ఆడటం లేదు.

క్షయ అని తేలి ఏడాది కావస్తోంది. సర్కారు దవాఖానాలో మందు ఊరికే ఇస్తారు. కోడలు సోమమ్మ నెలనెలా బస్సెక్కి మహబూబ్‌నగర్ వెళ్లి గోళీల పొట్లం తెచ్చి అత్త చేతిలో పెట్టేది. ఆ ఇంట్లో నోట్లోకి వెళ్లేది ఏదైనా పంచిపెట్టేది సుభద్రమ్మే. జొన్నరొట్టె గానీ, బెల్లం ముక్క గానీ, ఎవరికీ తక్కువ కాకుండా పంచుతుందని వాడలో ఆమెకు పెద్ద పేరు. మొదట్లో దశరథం బాగానే తేరుకున్నాడు. మళ్లీ మగ్గం ఎక్కాడు కూడా. ఇప్పుడు కథ మొదటికొచ్చింది.

పొద్దు తిరిగాక మొగుడూ పెళ్లాలు దవాఖాన నుంచి వచ్చారు. దశరథం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమన్నడు బిడ్డా డాక్టరు?"

"గీ మందు ఇగ నాకు పనిచెయ్యదంటనే అమ్మా. సగం సగం మింగితే రోగం చావదట, మందుకే అలవాటు పడి మొండికెక్కుతదట. రెండు పూటలకిచ్చినం గద, మాపటియి ఏమైనయని అడిగిండు. మాపటియి బందు చేసిన్రని నువ్వే చెప్తివి. నీకెవరు చెప్పిన్రు? గిదేనా?" అంటూ పెళ్లాం వైపు తిరిగాడు. "అమరచింతల మీ అన్న గూడ దగ్గుతాండు గద. అటు చేరేసినవా?"

సోమమ్మ నిలువునా నీరైపోయింది.

"తెచ్చిన పొట్లం తెచ్చినట్టే అత్త చేతిల పెట్టిన. మాపటికి నేను పొయ్యి కాడుంటి, అత్త ఇచ్చే ఉంటదనుకున్న. అత్తా, నువ్వన్న చెప్పరాదు!"

సుభద్రమ్మ వంగి చిలపలు సర్దసాగింది. చెప్తే కూతురి కాపురం పోతుంది.

కూతురు గుర్వమ్మను రెండు వీధుల అవతలే ఇచ్చారు. కొన్ని నెలల కిందట ఆ పిల్ల నెత్తురు కక్కుకుని, "మా అత్తకు తెలిస్తే ఇంట్ల ఉండనియ్యదమ్మా, ఎవ్వరికి చెప్పకు" అని తల్లి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ తన కడుపున పుట్టినవాళ్లే. అప్పటి నుంచి పొద్దుటి గోళీలు కొడుక్కి, మాపటివి కూతురికి. మగ్గానికి కండెలు చుట్టమని రోజూ పంపే నూలు చిలప మడతలోనే అవీ వెళ్లేవి. కూతురికీ తగ్గలేదు.

సోమమ్మ పుట్టింటికి పోదామని రెండు చీరలు మూటగట్టుకుంది. గడప దాటబోతూ ఆగింది.

"అత్తా, సర్కారోల్లు వేరే మందు పరదేశం నుంచి తెప్పిస్తాన్రట. అది వస్తే జర రెండు పూటలు యాద్ పెట్టుకొని వెయ్యి. అది గూడ పనిచెయ్యకుంటే ఇంకోటి లేదట."

ఆ మాటకు సుభద్రమ్మ గుండె చెరువైంది. దొంగ అనిపించుకుని పోతూ కూడా మొగుడి మందు గురించే చెప్తోంది ఈ పిల్ల! పక్కనున్న చిలప తీసి విదిలించింది. తెల్లటి గోళీలు రెండు నేల మీద పడ్డాయి.

"దాన్ననకు బిడ్డా. దొంగను నేను. నీ చెల్లెకు గూడ గిదే రోగం. నీయి తీసి దానికిచ్చిన."

దశరథం ఆ గోళీలు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. కోపం కూడా రాలేదతనికి, ఏడుపొచ్చింది.

"చెల్లెకు గూడ ఉన్నదని ఒక్క మాట చెప్తే, సర్కారు దానికీ ఇచ్చేది గదనే అమ్మా! వాళ్లేమన్న పైసలడుగుతున్నరా?"

సుభద్రమ్మ కూలబడిపోయింది. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఎన్నడూ ఇద్దరికి సరిపోను ఉండలేదు మరి. ఒకరిది తుంచి ఇంకొకరికి పెట్టడమే ఆమె ఎరిగిన ప్రేమ. ఆ ప్రేమతోనే ఇద్దరి ప్రాణాల మీదికి తెచ్చింది. "నా చేతులు ఇరిగిపోను" అని నెత్తి బాదుకుంది.

దశరథం పెళ్లాం ముఖంలోకి చూడలేకపోయాడు. "నోరు జారిన సోమమ్మా" అన్నాడు తల దించుకుని. సోమమ్మ మూట కింద పెట్టి, అత్త చెయ్యి పట్టి లేపింది.

"లే అత్తా. గుర్వమ్మను తోలుకొద్దాం పా."

సంగతి తెలిసి వియ్యపురాలు అనాల్సినవన్నీ అంది. కోడలి బట్టలు మూటగట్టి వాకిట్లో పెట్టింది. సోమమ్మ ఆ మూట చంకన పెట్టుకుని, గుర్వమ్మను నడిపించుకొచ్చింది.

దవాఖానాలో గుర్వమ్మకూ పరీక్ష చేసి పేరు రాసుకున్నారు. కొన్నాళ్లకు ఆ పరదేశపు మందు పట్నం మీదుగా వచ్చింది. నయమవుతుందని డాక్టరు మాటివ్వలేదు, వదలకుండా మింగమని మాత్రం చెప్పాడు. సోమమ్మ రెండు పొట్లాలు తెచ్చి అత్త ముందు పెట్టింది. సుభద్రమ్మ వెనక్కి జరిగింది.

"నువ్వే ఇయ్యి బిడ్డా. నేను ముట్ట."

"నువ్వే ఇయ్యాలె అత్తా. గిది నీ కొడుకుది, గిది నీ బిడ్డది. నేను పక్కన నిలబడ్త."

సుభద్రమ్మ కొడుకు దోసిట్లో అతని ఆ పూట గోళీలన్నీ పోసింది. కూతురి దోసిట్లో కూతురివన్నీ పోసింది. ఒకరిది తీయకుండా ఇద్దరికీ నిండుగా పెట్టడం బతుకులో ఆమెకదే మొదటిసారి. అన్నాచెల్లెళ్లు ఆ చేదు మింగుతుంటే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.