మూసివేతకు కారణం

తేజస్విని మెట్లెక్కి పైకొచ్చేసరికి దిల్‌సుఖ్‌నగర్ అంతా వానలో నానుతోంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది, బస్సులు లేవు. ఎల్బీనగర్ ఆఫీసు నుంచి సగం దూరం నడిచి, మిగతా సగం షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చింది. చున్నీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇక్కడ మహేందర్ గారంటే ఎవరండీ?" అంది.

ఆ క్రెడిట్ కార్డుల ఏజెన్సీలో ఉన్నవే నాలుగు కుర్చీలు. ఆ పూట మనిషి ఉన్నది ఒక్కదాంట్లోనే. అతనే మహేందరని ఆమెకి తెలుసు. తెలిసే అడుగుతోందని అతనికీ తెలుసు.

"నేనే మేడం" అన్నాడు లేచి నిలబడి. ఇరవై నెలల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి.

ఆమె తడిసిన ఉత్తరం ఒకటి బల్ల మీద పెట్టింది. "కార్డు కోసం మళ్లీ రెండుసార్లు అప్లై చేశాను. రెండుసార్లూ తిప్పి పంపారు. జీతం సరిపోతుంది, పాత కార్డు మీద ఒక్క రూపాయి బాకీ లేదు. బ్యాంకులో అడిగితే, పాత రికార్డులో ఏదో ఉంది, మీ ఏజెన్సీలో కనుక్కోమన్నారు. ఏముందండీ?"

మహేందర్‌కి ఫైలు తీయకుండానే తెలుసు. అయినా తీశాడు. 2010 జనవరి. కార్డు రద్దు ఫారం. 'మూసివేతకు కారణం' అన్నచోట అతని చేతిరాతే ఉంది. 'శాశ్వతంగా ఊరు మారుతున్నారు.' దాని కింద ఆమె సంతకం.

ఊరు వదిలిపోయిన మనిషి అదే ఊరి అడ్రసుతో కార్డు అడిగితే బ్యాంకు ఎందుకిస్తుంది?

ఆమె మొదటి కార్డు ఇప్పించింది కూడా ఇతనే. చైతన్యపురి బస్టాపు దగ్గర గొడుగేసుకుని, ఫారాలు ముందు పెట్టుకుని కూర్చునే రోజుల్లో. కార్డు ఇప్పించాక ఏజెంటుకి ఇక పనుండదు. కానీ మహేందర్ నెలనెలా అయిదో తారీఖున ఫోన్ చేసేవాడు.

"మేడం, బిల్లు కట్టే డేటు దగ్గరికొచ్చింది."

"బ్యాంకు వాళ్ల మెసేజ్ వచ్చిందండీ. ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు మేడం."

ఇలా పదిహేను నెలలు. పదిహేనుసార్లూ ఏమీ లేదనే చెప్పాడు మహానుభావుడు.

తర్వాత బందులు, రాస్తారోకోలు వచ్చాయి. కాలనీల్లో ఎక్కడ చూసినా ఎవరు ఉంటారు, ఎవరు పోతారన్న మాటలే. అలాంటి రోజుల్లో ఆమె వచ్చి, కార్డు బల్ల మీద పెట్టి, రద్దు చేయాలంటూ కత్తెర అడిగింది. ఆంధ్రా వాళ్లు కదా, వెళ్లిపోతున్నారనుకున్నాడు. తలెత్తకుండా కారణం తనే రాసేసి, సంతకానికి ఫారం జరిపాడు. ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేయలేదు.

"ఇది నేనే రాసిన మేడం" అన్నాడిప్పుడు. "మిమ్మల్ని అడగకుండ రాసిన. తప్పు నాదే."

"నేను చదివే సంతకం పెట్టాను" అంది తేజస్విని. "వెళ్లిపొమ్మని రాసినట్టు అనిపించింది. సరే, ఇతనికీ నేను పరాయిదాన్నే అనుకున్నాను."

"అయ్యో, గట్ల కాదు మేడం..."

"మరెట్లా?"

అతను ఫైలు మూశాడు. బయట వాన పెరిగింది.

"మరి అప్పుడు ఎందుకు క్లోజ్ చేసిన్రు?"

"ఇప్పుడు అడుగుతున్నారా!" ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "పోనివ్వండి. మీరు రాసింది నిజమయ్యేలానే ఉంది. మా ఆఫీసు విజయవాడకి మార్చేస్తున్నారు. వస్తానో రానో శనివారంలోగా చెప్పాలి. నాన్న వెళ్లిపొమ్మనే అంటున్నారు."

ఆ రోజు గురువారం.

"పోయేటట్టుంటే మరి కార్డెందుకు మేడం?"

"నేను ఇక్కడే ఉంటున్నానని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది" అంటూ ఆమె మెట్లు దిగిపోయింది.

రికార్డు సరిచేయాలంటే మహేందర్ తను రాసింది తప్పని ఒప్పుకుంటూ బ్యాంకుకి ఉత్తరం ఇవ్వాలి, పక్కింటివాళ్ల సాక్ష్యమూ జత చేయాలి. ఏజెన్సీ తరఫున అడ్రసులు చూసొచ్చే జానయ్య బస్సుల్లేక ఇబ్రహీంపట్నంలోనే ఆగిపోయాడు. దాంతో శుక్రవారం సాయంత్రం మహేందరే సరూర్‌నగర్‌కి బయల్దేరాడు. దారంతా ముసురు.

తేజస్విని ఇంటి పక్క గడపలో అండాలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, తేజస్విని మేడం నాయన జోగారావు సారు వాళ్లు ఎన్నేండ్ల సంది ఉంటున్రు ఈడ?"

"గదేం మాట బిడ్డా? తేజు పుట్టిందే గీ గల్లీల. పురిటి నీళ్లు నేనే పోసిన." చేట పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వెన్నేండ్లాయె పట్నమొచ్చి?"

"ఆరేండ్లు. మాది నల్లగొండ దిక్కు."

"ఆరేండ్లోనివి, ఆ పిల్లను ఎన్నేండ్లని అడగవడ్తివా!" అని పకపకా నవ్విందామె.

మహేందర్‌కి నవ్వు రాలేదు. కాగితం మీద 'పుట్టినప్పటి నుంచి' అని రాస్తుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తేజస్విని గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో కొత్త ఫారం.

"అన్నీ నింపాను. తెలిసినవాళ్ల పేరు ఒకటి రాయమంటే మీ పేరు రాశాను. దరఖాస్తుదారుతో సంబంధం అని ఒక గడి ఉంది. అది మీరే రాయండి. ఈసారి అడిగి రాయండి."

"ఏజెంటు పేరు రాయొద్దు మేడం, రూలు."

"అయితే కొట్టేయండి."

అతను ఫారం తీసుకున్నాడు. సమ్మె నెలలో అతనికి కమీషన్ తెచ్చే ఒకే ఒక్క అప్లికేషన్ అది. జేబులోంచి పెన్ను తీసి కొట్టేశాడు, తన పేరు కాదు, ఫారం పైన ఉన్న తన ఏజెంటు నంబరు.

"ఇగ ఈ ఫారానికి నేను ఏజెంటును కాదు" అన్నాడు. "తేజస్వినీ, పోతవా, ఉంటవా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ ముక్క అడగడానికి ఇరవై నెలలా? కార్డు ఉన్నంతకాలం బిల్లు పేరు చెప్పి ఫోన్ చేశావు. అది లేకపోతే అసలు మాట చెబుతావేమోనని క్లోజ్ చేశాను. నువ్వేమో ఊరే దాటించేశావు!"

"నువ్వు పోతున్నవనుకున్న. ఉండుమనే హక్కు నాకేడిది అనుకున్న."

"ఇప్పుడుందా?"

"లేదు. అందుకే అడుగుతున్న. ఉండు తేజూ. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె చున్నీతో కళ్లు ఒత్తుకుంది. "ఉంటాను. రేపు ఆఫీసులో రానని చెబుతాను."

ఇద్దరికీ సంతోషమే, కానీ నవ్వే ధైర్యం లేదు. అతని తండ్రి సైదులు బస్సు డ్రైవరు, డిపో ముందు సమ్మె టెంట్లో ఉన్నాడు. ఆమె తండ్రి రోజూ పేపరు చదివి సూట్‌కేసు వైపు చూస్తున్నాడు.

"గేటు దగ్గర ఎవరమ్మా?" లోపల్నుంచి జోగారావు గొంతు వినిపించింది.

తేజస్విని మహేందర్ వైపు తిరిగింది. "ఏం చెప్పను?"

"నువ్వు చెప్పకు. నన్ను చెప్పనియ్యి."

సంబంధం అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. మహేందర్ ఫారం తడవకుండా చొక్కాలోకి దోపుకుని, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.