కుదురుగా పడుకున్న రోగి

"రేపు మధ్యాహ్నం మన రహస్య లిపులన్నీ రాసే కోడ్‌మాస్టర్‌ని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, టీ కప్పు కింద పెట్టి. "ఆపాల్సింది నువ్వు."

ఏజెంట్ రాయి తలూపాడు. ఎన్ని దెబ్బలు తిన్నా కన్ను చెమర్చడని డిపార్టుమెంటు పెట్టిన పేరది.

"స్పాట్, నరాల క్లినిక్. ఆయనకి క్లస్టర్ తలనొప్పి. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, లోపలున్న నరాల ముడి మీద మత్తుమందు వేస్తారు. కోత లేదు, కుట్టు లేదు, కాసేపట్లో ఇంటికి. ఆ మందు సీసా మార్చి విషం పెట్టడానికి విదేశీ ముఠా ఒకణ్ణి రోగి వేషంలో పంపుతోంది. మొహం తెలీదు. నువ్వూ రోగిగానే వెళ్తావు. అదే తలనొప్పి. నటించగలవా?"

రాయికి చెవులు వేడెక్కాయి. "ట్రై చేస్తాను సార్."

నటించడం దేనికి? ఆ మాయదారి నొప్పి నాలుగేళ్లుగా అతని ఎడమ కంటి వెనకాల కాపురం పెట్టింది. వచ్చినప్పుడల్లా బాత్రూమ్‌లో దూరి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గోడకి తల బాదుకునేవాడు. నొప్పి తగ్గడానికి పీల్చే ఆక్సిజన్ సిలిండర్ కారు డిక్కీలో ఉండేది; అదెందుకని తోటివాళ్లు అడిగితే సముద్రం అడుగున ఈత నేర్చుకుంటున్నానని బొంకాడు. "ఉద్యోగం పోతే పోయింది, డాక్టరుకి చూపించుకోండి," అని భార్య పోరుతూనే ఉంది. కానీ తలనొప్పికి కుప్పకూలే ఏజెంటుని ఫీల్డులో ఎవరుంచుతారు? తనంటే తనకే అసహ్యం వేసేది. అయినా దాచాడు.

వేషం నేర్పడానికి మేడమ్ వచ్చింది. డిపార్టుమెంటులో మారువేషాలన్నీ ఆవిడ చేతిమీదుగానే. ఆవిడ నడిచొస్తుంటే గుమాస్తాలు ఫైళ్లు తలకిందులుగా పట్టుకుని చదువుతారు. సోఫా మీద వాలి చూపించింది. "తలనొప్పి అంటే ఇలా. వెల్లకిలా పడుకో. కళ్ల మీద తడి టవల్, కుడి చెయ్యి గుండె మీద. అస్సలు కదలకు."

అది మైగ్రేన్, వేరే తలనొప్పి. ఇది వచ్చినవాడు క్షణం కుదురుగా ఉండలేడు. ఆ ముక్క రాయి నోటిదాకా వచ్చింది. నీకెలా తెలుసని అడిగితే? సిగ్గుతో మింగేశాడు.

మర్నాడు క్లినిక్ హాల్లో మేడమ్ అతని భార్య వేషంలో పక్కనే కూర్చుంది, చెవికమ్మలో ట్రాన్స్‌మిటర్‌తో. కోడ్‌మాస్టర్, పాపం ముసలాయన, కన్ను నొక్కుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాడు. మందుల గది పక్కనున్న బాత్రూమ్‌కి వెళ్లొచ్చిన ఓ యువకుడు, "నాకూ క్లస్టర్ తలనొప్పే, ఇప్పుడే మొదలైంది," అని నర్సుకి చెప్పి మూల బెంచీ మీద ఒరిగాడు. నర్సు ముసలాయన్ని లోపలికి తీసుకెళ్లింది.

సరిగ్గా అప్పుడే రాయి ఎడమ కంట్లో నొప్పి లేచింది. ఆ పూట అది రాకుండా ఉంటే బావుండును. లేచి అటూ ఇటూ తిరిగాడు. గోడకి తల ఆనించి మూలిగాడు. ఒక కంట నీళ్లు, ఒక పక్క ముక్కు ధారగా కారుతున్నాయి. హాలంతా తననే చూస్తోంది.

"అతి చేస్తున్నావు," మేడమ్ వెనకే వచ్చి పళ్ల మధ్య నుంచి అంది. "నేను నేర్పినట్టు పడుకో."

మొహం దాచుకోవడానికి మూలకి తిరిగాడు. బెంచీ మీద యువకుడు వెల్లకిలా, దుంగలా పడున్నాడు. కళ్ల మీద తడి టవల్. కుడి చెయ్యి గుండె మీద.

ఇద్దరికీ పాఠం చెప్పింది ఒకే పంతులమ్మ.

రాయి వాచీ బటన్ నొక్కి, ముసలాయన వెళ్లిన గది తలుపు వైపు కదిలాడు. అతని పక్కటెముకలకి లిప్‌స్టిక్ గొట్టం తగిలింది. అది లిప్‌స్టిక్ కాదని ఇద్దరికీ తెలుసు.

"ఆగు. కాలుస్తాను."

"కాల్చు తల్లీ," అన్నాడు రాయి కన్ను పట్టుకుని. "పుణ్యముంటుంది."

అలాంటి జవాబు ఏ ట్రైనింగులోనూ విని ఉండదు. మేడమ్ ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ క్షణంలోనే అతను తలుపు తోసుకుని లోపల పడ్డాడు. ముసలాయన ముక్కులో గొట్టం ఉంది. డాక్టరు బొటనవేలు సిరంజి మీద ఉంది. రాయి ఆ మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు. "మందు మార్చేశారు."

వాచీ సిగ్నల్‌కి మఫ్టీలో ఉన్న డిపార్టుమెంటు మనుషులు హాల్లోకి దూసుకొచ్చి, రాయి కేకేసి చెప్పగానే మేడమ్‌ని, టవల్ తీసేలోపే యువకుణ్ణి పట్టుకున్నారు. చీఫ్ వచ్చి రాయి భుజం తట్టాడు. "శభాష్. ఆ కన్నీళ్లు, ఆ మూలుగు, ఏం నటనయ్యా! సరే, వాడేనని ఎలా పట్టావు?"

ఏదో ఒకటి చెబితే సరిపోయేది. మెడల్ వచ్చేది, ఫీల్డూ దక్కేది. కానీ బల్ల మీద నుంచి ముసలాయన తడి కంటితో అతని తడి కంటినే చూస్తున్నాడు. ఆయన దగ్గర ఈ అబద్ధం సాగదు. రాయికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నటన కాదు సార్. నాలుగేళ్లుగా ఉంది. దాచిపెట్టి తిరిగాను. ఇది వచ్చినవాడు అలా పడుకోలేడు. ఆ మాట నిన్ననే మేడమ్‌కి చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు."

"చెప్పుంటే ఆవిడ వాడికీ సరిగ్గా నేర్పేది," అన్నాడు చీఫ్ ఎటో చూస్తూ. "అయినా సరే, పిస్టల్ ఇటివ్వు."

రాయి ఇచ్చేశాడు. ముసలాయన ట్రీట్‌మెంట్ అయ్యాక డాక్టరు అతన్నీ అదే బల్ల మీద పడుకోబెట్టి, కొత్త సీసా తీసి, "ఏ వైపు?" అని అడిగాడు.

గోళ్లు పీకినా, కరెంటు షాకులిచ్చినా శత్రువులు అతని నోటి నుంచి ఒక్క నిజం రాబట్టలేకపోయారు. ఈ డాక్టరు మాత్రం రెండోసారి అడగాల్సిన పని లేకుండా పోయింది.