ఆ ఏడు ఇదే రోజు

పొద్దున్నే మోనిక్ పొయ్యి దగ్గర నిలబడి ప్లోయ్ అట్లు పోస్తోంది. ఒక పక్కే కాలే అట్లు, తిరగెయ్యాల్సిన పని లేదు. అందుకే ఆమెకు ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. బ్లాగుకి ఎంతమంది వచ్చారో చూసుకోనిదే ఆమెకు కాఫీ గొంతు దిగదు.

"అట్టు మాడుతోంది మోనీ," అన్నాడు ఆమె భర్త రెజీ బూట్లు తొడుక్కుంటూ.

"మాడనీ. ముందు ఇటు చూడు! నిన్న రోజంతా వచ్చినవాళ్ళకి నాలుగింతలు వచ్చారు. ఇంకా సరిగ్గా తెల్లారనే లేదు."

తను పనిచేసే కాగితం మిల్లు మూతపడ్డాక రెజీ మంచు తోసే బండి నడుపుతున్నాడు. మంచు పడితే పని, లేకపోతే ఇంట్లో కూర్చోవడం. అందుకే, పెళ్ళయిన కొత్తలో సరదాకి మొదలుపెట్టిన 'లోయ వంటిల్లు' బ్లాగులో మోనిక్ ప్రకటనలు పెట్టింది. ఉత్త ప్రకటనలకు జనం నిలవరని, పనికొచ్చే సౌకర్యాలు ఒక్కొక్కటే నేర్చుకుని చేర్చింది. ఎంతమందికి వండాలో నొక్కితే కొలతలు వాటంతటవే మారిపోయే బటన్ పెట్టింది. తన కబుర్లన్నీ దాటేసి నేరుగా వంటకే పోయే బటన్ కూడా పెట్టింది, మనసు కాస్త నొచ్చుకున్నా. కొత్తగా చేర్చింది 'ఆ ఏడు ఇదే రోజు'. గడిచిన ఏళ్ళలో అదే తేదీన ఆమె రాసింది ఒకటి యంత్రమే వెతికి తీసి, పాఠకులందరికీ పొద్దున్నే ఈమెయిల్ పంపుతుంది.

"ఇవాళ ఏ వంట పంపిందేంటి, ఇంత గిరాకీ?" అన్నాడు రెజీ.

మోనిక్ తెరిచి చూసింది. అది వంట కాదు.

'ఇది ఏడుస్తుంది. దీంతోపాటు నేనూ ఏడుస్తాను. దీన్ని కనకపోయి ఉంటే బాగుండేది. ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాను. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేను, అందుకే ఇక్కడ.'

ఎలీస్ పుట్టిన ఆరో వారంలో రాసింది. అప్పట్లో చదివేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. రాసి మర్చిపోయింది. అప్పుడే మోనిక్‌కి ఈమెయిల్ సరిగ్గా వెళ్తోందో లేదో చూడ్డానికి మొట్టమొదట చేర్చిన చిరునామా ఎవరిదో గుర్తొచ్చింది. తన పదిహేనేళ్ళ కూతురిదే.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎలీస్ కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని దిగింది.

"ఎలీ, తల్లీ, రెండట్లు తిని వెళ్ళు."

"ఆకలిగా లేదు. ఎవరైనా అడిగితే ఇచ్చెయ్. నన్నూ అలాగే ఇచ్చేద్దామనుకున్నావుగా."

"ఏంటే ఆ మాటలు, అమ్మతో?" రెజీ కసిరాడు.

"నావి కావు నాన్నా, అమ్మవే. నువ్వూ చదువు. పక్కన డైపర్ల యాడ్ కూడా ఉంది, రెండు కొంటే ఒకటి ఉచితం."

బయట స్కూలు బస్సు హారన్ మోగింది. ఎలీస్ ధడాలున తలుపేసిన అదురుకి కిటికీ మీది మంచు రాలింది.

మోనిక్ ఆ పుట తీసెయ్యబోయింది. రెజీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఎలాగూ చదివేసింది కదా. ఈ ఒక్కరోజు ఉండనీ మోనీ. చలికాలం సగం కూడా కాలేదు, హీటరు చమురు ట్యాంకు అడుగంటింది."

"కూతుర్ని సంతలో పెట్టి ఇల్లు వెచ్చబెట్టుకుందామా?"

రెజీ చెయ్యి వదిలేశాడు. ఫోను తీసుకుని నిలబడే మొత్తం చదివాడు. "అప్పుడు నాతో ఎందుకు అనలేదు?" అని మాత్రం అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే చేతి తొడుగులు బల్ల మీదే మర్చిపోయి వెళ్ళిపోయాడు. మోనిక్ ఆ పుట తీసేసింది. కూతురికి ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఆ రోజంతా ఇల్లు తుడిచిందే తుడిచింది.

మధ్యాహ్నం ఎలీస్ వస్తూనే, "తీసేశావా?" అంది.

"తీసేశాను తల్లీ. ఇంకెవరికీ కనపడదు."

"ఎందుకు తీశావ్? అబద్ధమైతే అబద్ధమని రాయి. దాచేస్తే నేనేమనుకోవాలి? మర్నాడు ఏం రాశావో చూద్దామని బస్సులో వెతికాను. మర్నాడు ఏమీ లేదు. రెండు నెలలు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా బీన్స్ ఎలా ఉడికించాలో! మధ్యలో ఏమైందమ్మా? నన్ను ఉంచుకుందామని ఎప్పుడనుకున్నావ్?"

ఇన్నేళ్ళూ ఇంట్లో పిల్లి తుమ్మినా రాసిన మోనిక్ ఆ రెండు నెలల గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

"ఆ మర్నాడు నిన్ను మీ నానమ్మ మెమేర్ ఒళ్ళో పెట్టి, కొట్టుకెళ్ళి వస్తానని కారెక్కాను. కొట్టుకి వెళ్ళలేదు. ఏటి మీది వంతెన ఎక్కి సరిహద్దు అవతలి దేశానికి పోయాను. తిరిగొచ్చే ఆలోచన లేదు."

ఎలీస్ భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టింది.

"అవతలి ఒడ్డున సరిహద్దు అధికారి అందర్నీ అడిగేదే అడిగాడు. ఎక్కడికి, ఎన్నాళ్ళు ఉంటారు అని. ఎన్నాళ్ళు అనేసరికి నాకు పాలు చేపుకొచ్చాయి తల్లీ. చొక్కా తడిసిపోయింది. నా బుర్ర నిన్ను వద్దంటోంది, నా ఒళ్ళు ఒప్పుకోలేదు. ఆయన నా చొక్కా చూశాడు, మొహం చూశాడు. ఇంటికెళ్ళమ్మా అని ఆయనే బండి తిప్పించాడు."

"మెమేర్‌కి తెలుసా?"

"మీ నానమ్మకి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. కోటు కూడా విప్పనివ్వకుండా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నాన్న మిల్లులో పగలూ రాత్రీ పనిచేస్తున్నాడు. తనతో బలానికి మందులని చెప్పాం. ఒకరోజు నీకు స్నానం చేయిస్తుంటే తుమ్మావు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఏడ్చాను. ఆ రోజు అనుకున్నానే, ఎవరడిగినా ఇవ్వనని."

తలుపు దగ్గర రెజీ చలికి ఎర్రబారిన చేతులతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూసుకోలేదు. "ఆ 'ఇదే రోజు' యవ్వారం పీకెయ్ మోనీ," అన్నాడు. "చమురు సంగతి మంచు చూసుకుంటుందిలే."

"అది పీకెయ్," అంది ఎలీస్ ముక్కు తుడుచుకుంటూ. "రాసింది మాత్రం మళ్ళీ పెట్టు. కింద కామెంట్లలో ఒకావిడ రాసింది చూశావా? ఆవిడ బాబుకి మూడు వారాలట. ఇలా అనిపించేది నాకొక్కదానికే అనుకున్నాను అంది. తర్వాత నువ్వు డాక్టరు దగ్గరికెళ్ళావని, బాగయ్యావని చెప్పు. పక్కన యాడ్ ఉండకూడదు."

"అలాగే తల్లీ. వంతెన సంగతి కూడా రాస్తాను, ఇంక దాచను."

"వద్దు." ఎలీస్ వచ్చి తల్లి భుజంలో మొహం దాచుకుంది. "వంతెన, పాలు, తుమ్ము రాయకు. అవి నావి."

మోనిక్ కూతురి వీపు నిమురుతూ అలాగే నిలబడింది. బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది. ఆమె చూడలేదు.