తలుపు అవతల తన గొంతు

పొద్దున్నే అమ్మకు జడ వేసి, పాలు తాగించి, కళ్లద్దాల దుకాణంలో పనికి బయల్దేరింది చిన్ని. అమ్మకు మరపు జబ్బు ముదిరినప్పటినుంచీ చూసుకునేది ఆమే. గడప దాటబోతుంటే గోడకున్న పెట్టె పలికింది.

"అమ్మా, మందు వేసుకున్నావా?"

అది చిన్ని గొంతే. అన్నయ్య ఆ యంత్రం తెచ్చి, వేళకు మందు గుర్తుచేయడానికి, ఎవరైనా తలుపు తడితే అమ్మను హెచ్చరించడానికి ఆమె చేత మాటలన్నీ చెప్పించి అందులోకి ఎక్కించాడు.

"వేసుకున్నానే తల్లీ," అంది అమ్మ, పెట్టెకేసి మురిపెంగా చూస్తూ. ఎదురుగా ఉన్న చిన్నిని మాత్రం ఎగాదిగా చూసింది. "నువ్వింకా వెళ్లలేదా అమ్మాయ్? మా చిన్ని లేచింది. ఇక నీతో పనిలేదు."

చిన్ని బయట తాళం వేసి వెళ్లిపోయింది. దుకాణంలో అద్దాలు అరగదీస్తున్నా మనసు ఇంటి మీదే ఉంది. మధ్యాహ్నానికే సెలవడిగి వచ్చేసింది. తాళం తీసినా తలుపు కదల్లేదు. లోపల గడియ పెట్టి ఉంది. తట్టింది.

"అమ్మా, ఎవరొచ్చినా తలుపు తీయకు. నేను వచ్చేస్తాగా," అంది లోపలినుంచి తన గొంతే.

"తీయనే. నువ్వుండగా నాకేం భయం?" అమ్మ జవాబిచ్చింది.

"అమ్మా, నేనే, చిన్నిని."

"చిన్ని నా దగ్గరే ఉంది. అచ్చం దానిలాగే మాట్లాడుతున్నావు, ఎవరు నువ్వు?" అమ్మ భయంగా అడిగింది.

తట్టినప్పుడల్లా అవే మాటలు, అదే నెమ్మది. వినగా వినగా, తానే ఎవరో పరాయిదాన్నేమో అనిపించింది చిన్నికి.

ఫోన్ చేయగానే అన్నయ్య పరుగున వచ్చాడు. "ఉండు, ఆ పెట్టెను నా ఫోన్‌తో ఇక్కణ్నుంచే ఆపేస్తాను."

"వద్దు. కూతురు ఉన్నట్టుండి మాయమైందని అమ్మ హడలిపోతుంది. అయినా ఆ పెట్టె వచ్చాక నువ్వు ఇటు రావడమే మానేశావు అన్నయ్యా."

"నువ్వు మాత్రం? అది ఉందనేగా పొద్దంతా ఒంటరిగా వదిలేసి పోతున్నావు?"

చిన్ని మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి గడియ కదిలింది. తలుపు ఓరగా తెరుచుకుంది.

"మా అమ్మాయి ఎవరినీ రానివ్వొద్దంది," అమ్మ గుసగుసలాడింది. "కానీ ఎవరి బిడ్డవో, ఇంతలా ఏడుస్తుంటే ఎలా ఊరుకోను?" అరచేత్తో చిన్ని చెంపలు తుడిచింది.

అన్నయ్య కళ్లు చెమర్చాయి. "రేపట్నుంచి నువ్వు పనికెళ్లినప్పుడు నేనుంటాను చిన్నీ," అన్నాడు. ఆమె అతని చేయి పట్టుకుంది.

"చప్పుడు చేయకండి," అంది అమ్మ. "మా చిన్ని పడుకున్నట్టుంది."

"సరేనమ్మా," అని, చిన్ని తన ఇంట్లోకి తానే మునివేళ్ల మీద నడిచి వెళ్లింది.